ముళ్లపొద వెనుక కూర్చున్న కాకి

అనగనగా ఒక అడవిలో అని మొదలుపెడుతున్నాను గాని పిల్లలూ, ఆ అడవి కొండ మీద ఉండేదో, ఏటి ఒడ్డున ఉండేదో నాకు సరిగా గుర్తు లేదు. ఇందులో విన్నదెంతో, నేను కలుపుకున్నదెంతో కూడా చెప్పలేను. కాకి కోపం మాత్రం మరచిపోలేదు.

ఆ కాకి పేరు కాటుకమ్మ. ఎవరో తన గూట్లో పెట్టిపోయిన గుడ్డును పొదిగింది. అందులోంచి వచ్చింది కోకిల పిల్ల అని తెలిశాక కూడా పెంచింది. కరవు రోజుల్లో తన నోటి దగ్గరి పురుగును వాడికి పెట్టింది. డేగ వచ్చిన నాడు రెక్క అడ్డం పెట్టి, అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. వాడి తొలి కూతకు ఇరుగుపొరుగు నవ్విన నాడు, "పాడు బుజ్జీ, నేను వింటున్నాను" అంది.

బుజ్జి పెద్దవాడయ్యాడు. అడవులన్నింటికీ కలిపి ఏటా ఇచ్చే జనరంజక గాన పురస్కారం ఆ ఏడు వాడికే వచ్చింది. కాటుకమ్మ కోరింది ఒక్కటే: నిండు సభలో వాడు తనను అమ్మా అని పిలవాలి. పిలుస్తాడని చెట్టు చెట్టుకూ చెప్పుకుంది కూడా.

సభ నాడు కార్యదర్శి నక్క ఆమెను వాకిట్లోనే ఆపాడు. నల్లని పక్షి ముందు వరసలో ఉంటే అపశకునమని, ముళ్లపొద వెనుక చోటు చూపించాడు.

"వాడూ నలుపే కదయ్యా" అంది కాటుకమ్మ.

"అది పురస్కారం వచ్చిన నలుపు" అన్నాడు నక్క.

అధ్యక్షుడు నెమలికి పాట రాదు. అయినా ఈ గానం రక్తంలోనే ఉందనీ, కోకిల వంశపు ఆస్తి అనీ చాలాసేపు పొగిడాడు. తరువాత బుజ్జి లేచాడు. ఏనాడూ తొంగిచూడని కన్నతండ్రికి దండం పెట్టాడు. నక్కకు పెట్టాడు. చివరికి వసంతానికి కూడా పెట్టాడు. కాటుకమ్మ మూడుసార్లు ఆశగా మెడ చాచింది, మూడుసార్లూ దించుకుంది. ఇక ఆగలేకపోయింది.

"బుజ్జీ, నీ నోట్లో మొదటి మేత పెట్టిందెవరు నాయనా?"

సభ వెనక్కి తిరిగింది. బుజ్జి ఆమెను చూశాడు, గుర్తుపట్టాడు. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. వాడు నెమలి వైపు తిరిగి నవ్వాడు.

"ఎవరో అభిమాని. పాపం, గొంతు బాగా లేదు."

సభంతా విరగబడి నవ్వింది. ఆ గొంతు ఎవరికోసం పోయిందో ఒక్కరూ అడగలేదు. నవ్వినందుకు ఒక్కరూ సిగ్గుపడలేదు.

మరుసటి వసంతంలో బుజ్జి భార్యకు గుడ్డు పెట్టే వేళ వచ్చింది. కోకిలలకు గూడు కట్టడం రాదు. కాటుకమ్మ తనను తరుముతూ వస్తే ఆమె గూడు ఖాళీ అవుతుందని, భార్య అందులో గుడ్డు పెట్టి రావచ్చని, బుజ్జి ఎదురుకొమ్మ మీద వాలి పురస్కారం తెచ్చిన పాటే ఎత్తుకున్నాడు. అడవి చెవులప్పగించింది. కాటుకమ్మ గూడు వదిలి కదలలేదు. పాట అయిపోయింది, చప్పట్లూ అయిపోయాయి.

"అమ్మా" అన్నాడు బుజ్జి.

"అమ్మ ఎవరు నాయనా? నేను అభిమానిని. అభిమానులు పాట వింటారు, గుడ్లు పొదగరు."

ఆ గుడ్డు చివరికి ఏమైందో నాకు తెలుసు. కావాలనే చెప్పడం లేదు. చెబితే మీరు కాకి మంచిదా చెడ్డదా అని తగవులాడుకుంటారు. ఆ సందడిలో, సభలో నవ్వినవారు మెల్లగా జారుకుంటారు.

నీతి: పెంచిన తల్లిని దాచిపెట్టి పుచ్చుకున్న సన్మానం దొంగసొత్తు, చప్పట్లు కొట్టినవారికీ అందులో వాటా ఉంది.