దండెం తీగ మీద వెలుగు

కృష్ణ ఒడ్డున ఒక పల్లెటూరి హైస్కూల్లో పట్టాభి అనే సైన్సు మాస్టరు ఉండేవాడు. ప్రయోగాలంటే ప్రాణం పెట్టేవాడు గానీ, ఏ ప్రయోగమైనా పుస్తకంలో రాసినట్టు రాకపోతే మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

పిల్లలకు అతనంటే ఇష్టం. ఉడికించిన గుడ్డును సీసాలోకి దూర్చేవాడు. నిమ్మకాయలకు మేకులు గుచ్చి చిన్న లైటు వెలిగించేవాడు. ఒక్కోసారి వెలిగేది కాదు. అప్పుడు కూడా "వెలిగింది, రాసుకోండి" అనేవాడు. అసలు అతని పద్ధతే వేరు. ముందు బోర్డు మీద ఫలితం రాసేవాడు, ఆ తర్వాత ప్రయోగం మొదలుపెట్టేవాడు. "గంట కొట్టేస్తారర్రా, రాతపని ముందు కానిచ్చేద్దాం" అనేవాడు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉండేది ఆ వరస. అందరూ నవ్వుకుంటూనే రాసుకునేవారు.

ఆ ఏడు వానలు మొదలయ్యే రోజుల్లో పదో తరగతికి కరెంటు పాఠం వచ్చింది. పట్టాభి ఇంటిపని ఇచ్చాడు. పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని, కాళ్లకు చెప్పులు వేసుకుని, ఇంట్లో పదిచోట్ల టెస్టర్ పెట్టి చూడాలి. ఎక్కడ వెలిగిందో, ఎక్కడ వెలగలేదో పట్టికలో రాయాలి. అలవాటు కొద్దీ జవాబులు కూడా తనే చెప్పేశాడు. ప్లగ్గులో వెలుగుతుంది. తలుపు గొళ్లెం, ఇనప మంచం, దండెం తీగ, వీటిలో వెలగదు. జవాబు చేతికొచ్చాక ఇంక టెస్టర్ ఎవరు పడతారు? నలభైమందిలో ముప్పై తొమ్మిదిమంది ఆయన చెప్పిందే ఎక్కించుకొచ్చారు. నిజంగా చేసి చూసింది ఒక్క నాంచారి.

నాంచారి మూడో బెంచీలో కూర్చునే పిల్ల. ఊరి చివర రేకుల ఇల్లు వాళ్లది. నాలుగు రోజుల తర్వాత పట్టాభి రికార్డులు దిద్దుతూ ఆ పిల్ల పట్టిక దగ్గర ఆగిపోయాడు.

"ఏమ్మా, దండెం తీగ దగ్గర వెలిగిందని రాశావేంటి?"

"వెలిగిందండి. కొంచెమే. రెండుసార్లు చూశానండి. మా అమ్మ పక్కనే ఉంది."

"వెలగదని చెప్పానుగా."

"చెప్పారండి. కానీ వెలిగిందండి. గుడ్డలు ఆరేసేటప్పుడు అమ్మకి కూడా చెయ్యి జిల్లుమనేదంటండి."

"తడిగుడ్డలు పట్టుకుంటే జిల్లుమనక వెచ్చగా ఉంటుందా? దండేనికి కూడా మీటరు పెట్టించారేంటే మీ నాన్న?"

క్లాసంతా ఘొల్లుమంది. పట్టాభికి కూడా తన మాటకు తనకే నవ్వొచ్చింది. వాళ్ల ఇల్లు బడికి ఎంతో దూరం లేదు. ఆ సాయంత్రం సైకిలెక్కితే పది నిమిషాల్లో వెళ్లి చూసి రావచ్చు. ఆ ఆలోచన అతనికి రాకపోలేదు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి నాలుగో కాలు వెతకడానికి ఎందుకు వెళతాడు? ఎర్రసిరాతో కొట్టేసి, దిద్దుకు రమ్మన్నాడు. నాంచారి తలొంచుకుని "వెలగలేదు" అని రాసి తెచ్చింది. పదికి పది మార్కులు వేసి, "మంచిపిల్లవి" అన్నాడు.

పన్నెండు రోజులు గడిచాయి. రాత్రంతా ముసురు పట్టి పొద్దున్నే తెరిపిచ్చింది. రెండో పీరియడ్‌లో నాంచారి మేనమామ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"పిల్లని పంపండి మాస్టారూ. మా అక్కకి కరెంటు కొట్టింది."

పట్టాభి కూడా వాళ్ల వెంటే పరుగెత్తాడు. వెళ్లేసరికి అంతా అయిపోయింది. నాంచారి తల్లి తులసమ్మను వాకిట్లో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. ఆరెయ్యాల్సిన గుడ్డలు బురదలో పడి ఉన్నాయి. లైన్‌మన్ అప్పటికే తీగ కత్తిరించేశాడు.

"సర్వీసు వైరు రేకు అంచుకి రాసుకుని రాసుకుని పైతోలు ఊడిపోయింది" అన్నాడు అతను. "రేకులోంచి దండెంలోకొచ్చింది. వాన పడేసరికి గట్టిగా పట్టేసింది. ఇది ఇవాళ్టిది కాదు. ముందునించీ జిల్లుమంటూనే ఉండుంటది. ఒక్కళ్లూ చూసుకోలేదా?"

నాంచారి తల్లి పాదాలు పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. పట్టాభి వైపు ఒక్కసారి చూసి, చూపు దించేసుకుంది.

తండ్రి వీరాస్వామి లేచి వచ్చి చేతులు జోడించాడు. "వచ్చారా మాస్టారూ. మీరంటే మా పిల్లకి ఎంత గురో. టెస్టర్ వెలిగిందని నాలుగు రోజులు గుడ్డలు కంచె మీద ఆరేసుకుంది మా ఆడది. దండెంలో కరెంటు ఉండదని మీరన్నారంట. పిల్లొచ్చి ఆ మాట చెప్పాక మళ్లీ దండెం మీదే ఆరేసుకుంటోంది."

ఆ మాటలో నింద లేదు. నింద ఉంటే పట్టాభి తట్టుకునేవాడేమో. పెద్దకర్మ నాడు వెళ్లి తప్పంతా తనదేనని వీరాస్వామి ముందు ఒప్పుకున్నాడు. వీరాస్వామి "ఇప్పుడు నాకెందుకు చెప్పారు మాస్టారూ" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా పట్టాభి పట్టుకున్నాడు. బోర్డు మీద ఫలితం ముందుగా రాయడం మానేశాడు. ఎవరికేం కనిపిస్తే అదే రాయమన్నాడు. పిల్లలు "నాకు ఇలా వచ్చింది", "నాకలా రాలేదు" అని కొట్లాడుకుంటుంటే ఊరుకున్నాడు. బడి చుట్టుపక్కల ఏ పిల్ల ఏ వింత చెప్పినా సైకిలేసుకుని వెళ్లి చూసొచ్చేవాడు.

నాంచారి నెల తర్వాత బడికి వచ్చింది. ఆ రోజు కటకం పాఠం. కిటికీలు మూసి, కొవ్వొత్తి వెలిగించి, మధ్యలో కటకం నిలబెట్టాడు. ఎదురుగా తెల్లకాగితం మీద మంట తలకిందులుగా పడింది.

"నాంచారీ, నువ్వు చెప్పమ్మా. మంట ఎలా కనిపిస్తోంది?"

ఆ పిల్ల కాగితం వైపు చూసింది. కలం తీసుకుంది.

"ఎలా కనిపించిందని రాయమంటారండి?"

"నీకు ఎలా కనిపిస్తే అలాగేనమ్మా."

"మీరే చెప్పండి మాస్టారూ. రాసుకుంటాను."

అతను బతిమాలాడు. మర్నాడూ బతిమాలాడు. ఏడాది చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. తన కళ్లకు ఏం కనిపించిందో ఆ పిల్ల మళ్లీ ఒక్కసారి కూడా చెప్పలేదు.

నీతి: కళ్లారా చూసి చెప్పిన మాట పుస్తకంలో లేదని కొట్టేయకూడదు, లేచి వెళ్లి చూడాలి, చూడకుండా దిద్దినదాన్ని ఆ తర్వాత ఎవరూ దిద్దలేరు.