దొరగారు పాలిపోయిన రోజు

కరువొచ్చిన ఏడు తెల్లదొర మా తాలూకాలో గంజి కేంద్రం పెట్టించాడు. ముఖం పాలిపోయిన వాళ్లకే గంజి పొయ్యాలని ఆయన హుకుం. గేటు దగ్గర బంట్రోతు ఒక్కొక్కరి ముఖం చూసి, కాస్త కళ ఉన్నవాళ్లని గెంటేసేవాడు. అలా గెంటించుకున్న సుంకులమ్మ కోడలు మర్నాడు ఆ గేటు ముందే ప్రాణం విడిచింది.

సంగతి తెలిసి దొర గుర్రం మీద వచ్చాడు. "ఐ యామ్ అపాల్డ్" అన్నాడు.

పక్కనున్న దుబాసీ గొంతు సవరించుకున్నాడు. "దొరగారు దిగ్భ్రాంతి చెందారు. అది చిన్న మాట కాదు. వాళ్ల భాషలో ఆ మాట పుట్టిందే ముఖం పాలిపోవడం అన్న అర్థంతో. మీ కష్టం విని ఆయన ముఖం పాలిపోయిందన్నమాట."

సుంకులమ్మ దొర ముఖం వంక చూసింది. పండుమిరపకాయలా నిగనిగలాడుతోంది.

"అయితే దొరగారికీ గంజి పొయ్యి బాబూ," అంది బంట్రోతుతో. "పాలిపోయినవాళ్లకి పొయ్యాలని ఆయన హుకుమే కదా. పొయ్యకపోతే ఆయన మాట అబద్ధమని నువ్వే అన్నట్టు."

బంట్రోతు దుబాసీ వంక చూశాడు. ఇంకేం చెయ్యాలో తోచక బంట్రోతు ముంత నింపి దొరకి అందించాడు. అంతమంది ముందు కాదనలేక దొర ఒక గుక్క తాగాడు. పులిసిపోయిన తవుడు నీళ్లు, పైన తేలుతున్న పురుగులు. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

సుంకులమ్మ దుబాసీ వైపు తిరిగింది.

"ఇప్పుడు అనమనండి బాబూ, ఆ మాట."