తాడుకు అందని కోణం

అనగా అనగా చాలా కాలం కిందట, తాడుతో కొలిచి చూడనిదే ఏ పనినీ ఒప్పుకోని రాజ్యం ఒకటి ఉండేది. రాజుగారు మెచ్చిన నమూనా ఎంత ఉంటే, చేసిన పని కూడా తాడు మీద అంతే ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా రాజముద్ర పడదు. ఇటుకలకూ గడపలకూ ఆ పద్ధతి తాతలనాటి నుంచి చక్కగానే నడిచింది.

ఆ తాడు పట్టుకు తిరిగే అధికారి పేరు తిప్పరసు. మహా నిజాయితీపరుడు. ఒకరి దగ్గర తమలపాకు కూడా పుచ్చుకోడు. ఒకరు చెప్పిన మాట కూడా చెవిన వేసుకోడు, అదే వచ్చిన చిక్కు.

ఆ ఏడు ధాన్యపు కొట్టుకు కప్పు వేసే పని పెద్ద వడ్రంగి మాచనకు అప్పగించారు. నిరుటి కప్పు బల్లపరుపుగా ఉండి, వాననీరు నిలిచి, లోపలికి కారి, ఊరందరి గింజలూ కుళ్లిపోయాయి. జనం చింతగింజలు ఉడకేసుకు తిన్నారు. ఆ తిండి పడక మాచన మనవరాలు నెల రోజులు మంచం పట్టింది. అందుకే ఈసారి కప్పు ఏటవాలుగా ఉండి తీరాలని మాచన పట్టుబట్టాడు. మూరెడేసి పుల్లలు రెండు తీసుకుని, ఒక కొసన మేకు కొట్టి, రెండో కొసలు విడదీసి కదలకుండా బిగించాడు.

"కింది పుల్ల దూలం, పై పుల్ల వాసం. కప్పు ఇంత వాలుగా ఉంటుంది ప్రభూ," అన్నాడు. రాజుగారు మెచ్చి సరేనన్నారు.

మాచన పదహారు మూరల దూలానికి పదహారు మూరల వాసం అదే వాలున బిగించాడు. తిప్పరసు వచ్చాడు. నమూనాలో పుల్లల కొసల మధ్య తాడు పట్టాడు. జానెడు. దూలం కొసకూ వాసం కొసకూ మధ్య పట్టాడు. ఎనిమిది మూరలు.

"ఆచారీ, నమూనా జానెడు, నీ పని ఎనిమిది మూరలు. కోణం మితిమీరింది. వాసాన్ని జానెడుకు దించు," అన్నాడు.

"అయ్యా, జానెడుకు దించితే మళ్లీ బల్లపరుపే. కొయ్యలు పొడుగైనంత మాత్రాన కోణం పెరగదండీ," అన్నాడు మాచన.

"తాడు పెరిగిందంటోందిగా," అన్నాడు తిప్పరసు.

మాచన పళ్లు నూరుకుని అతణ్ణి కోట తలుపు దగ్గరికి తీసుకెళ్లాడు. పెద్ద తలుపునూ, పక్కనున్న చిన్న కిటికీ తలుపునూ సరిగ్గా సగం సగం తెరిచాడు. "చూడండి. ఒకటి ఎంత తెరుచుకుందో రెండోదీ అంతే తెరుచుకుంది. అవునా?"

తిప్పరసు రెండింటికీ తాడు పట్టాడు. "ఎక్కడయ్యా అంతే? ఇది నాలుగు మూరలు, అది జానెడు కూడా లేదు."

మాచనకు ఒళ్లు మండింది. అయినా మర్నాడు ఓపిక తెచ్చుకుని పెద్ద సజ్జరొట్టె ఒకటి, చిన్నది ఒకటి కాల్పించి తెచ్చాడు. రెండింటినీ ఎనిమిదేసి ముక్కలు కోశాడు. పెద్ద ముక్క మీద చిన్న ముక్క పెట్టి, మొనకు మొన ఎలా అతికిందో చూపించాడు. తిప్పరసు రెండు ముక్కల అంచులూ కొలిచి, పెద్దది చాలా ఎక్కువుందని చెప్పి, ఆ పెద్ద ముక్క తినేసి వెళ్లిపోయాడు. గోడకు చెప్పినా ఈపాటికి బీటలిచ్చేదని మాచన తల పట్టుకున్నాడు.

మూడో రోజు ఆకాశం నల్లబడింది. కొట్టు ముంగిట ధాన్యం రాశులుగా పడి ఉంది. వాసాన్ని కిందికి దించమని తిప్పరసు కూలీలను పురమాయిస్తున్నాడు. ఇంకా కప్పు పడలేదేమని రాజుగారే పరుగున వచ్చారు.

మాచన ఓపిక అయిపోయింది. ఇక తలుపులూ లేవు, రొట్టెలూ లేవు. తిప్పరసు చేతిలో ఆ నమూనానే పెట్టాడు.

"అయ్యా, దీన్నే మళ్లీ కొలవండి. ఈసారి మేకు దగ్గరగా."

తిప్పరసు కొలిచాడు. "మూడు వేళ్లు."

"పుల్లల నడిమిన?"

"ఆరు వేళ్లు."

"కొసన జానెడని మొన్ననే అన్నారు. ప్రభూ, పుల్లలు కదల్లేదు, మేకు కదల్లేదు. ఉన్నది ఒకే కోణం. తాడు మాత్రం మూడు లెక్కలు చెప్పింది. వీటిలో కోణం ఏదో అధికారిగారినే చెప్పమనండి."

తిప్పరసు తాడు వంక చూశాడు. మేకు దగ్గర మళ్లీ కొలిచాడు, నడుమ మళ్లీ కొలిచాడు. ముఖం చిన్నబోయింది. నిజాయితీపరుడు కదా, బుకాయించలేదు.

"ప్రభూ, తాడు తప్పలేదు. కొసలు ఎంత దూరమని అడిగితే అది చెప్పింది. పుల్లలు ఎంత విచ్చుకున్నాయో దానికి తెలియదు. మరి కోణాన్ని దేంతో కొలవాలి ఆచారీ?"

"కోణంతోనే," అన్నాడు మాచన.

తిప్పరసు తన చేత్తోనే ఆ చిన్న నమూనాను దూలానికీ వాసానికీ మధ్య మూలలో దోపాడు. రెండు పుల్లలూ రెండు కొయ్యలకు అతుక్కుపోయాయి. గోరు దూరే సందు కూడా లేదు. అక్కడికక్కడే ముద్ర వేశాడు. ఊరంతా తలో చెయ్యి వేస్తే పొద్దు వాలకముందే కప్పు పడింది, ధాన్యం లోపలికి చేరింది. ఆ వెంటనే కుండపోతగా వాన. నీళ్లన్నీ వాలు వెంట జారిపోయాయి. లోపల ఒక్క గింజ తడవలేదు.

చూరు కింద నిలబడి తిప్పరసు మెల్లగా అన్నాడు: "ఈ ముక్కేదో మొదటి రోజే నా తాడుతో నాచేత కొలిపించి చెప్పొచ్చు కదయ్యా."

మాచనకు మళ్లీ ఒళ్లు మండింది. కానీ అతనన్నదీ నిజమే. మూడు రోజులు తనకు తెలిసిన దారినే చెప్పి విసుక్కున్నాడు తప్ప, ఆ కొలత ఎక్కడ తప్పుతోందో తనూ చూడలేదు మరి.

కాబట్టి పిల్లలూ, తప్పుగా కొలిచేవాడి మీద విసుక్కుంటే తప్పు పోదు. వాడి కొలతతోనే వాడికి చూపిస్తే పోతుంది.