అంటు అన్న మాట

తమ్మయ్య గురువుగారిని ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్లు ఎదురుగా కూర్చుని ఆయన చేతిలో పని అయ్యేదాకా ఎదురుచూడాల్సిందే. ఆయన పౌర్ణమి పౌర్ణమికి తత్త్వాలు చెబుతారు. మిగతా రోజుల్లో గోదావరి ఒడ్డున తన నర్సరీలో మామిడి అంట్లు కడతారు. బ్రహ్మం సంగతి అడిగినా, బెండ తెగులు సంగతి అడిగినా ఆ మౌనం ఒక్కలాగే ఉంటుంది. కొత్తవాళ్లకు ఒళ్లు మండుతుంది. పాతవాళ్లు అలవాటు పడిపోయారు.

మంగాయమ్మ పాత శిష్యురాలు. ఆ నర్సరీలోనే పని చేస్తుంది. మొగుడు పోయాక ఆమెకు రక్తపరీక్ష చేసి హెచ్ఐవి ఉందన్నారు. ఎలా వచ్చిందని ఊరు ఊరంతా అడిగింది, గురువుగారు ఒక్కరే అడగలేదు. నెలనెలా పెద్దాసుపత్రికి వెళ్లి, చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని మాత్రలు తీసుకుని, ఎవరైనా పలకరించేలోగా బస్సెక్కేసేది. ఆమెను ఎవరూ వెలివేయలేదు, ఆ పని ఆమే చేసుకుంది. తత్త్వాలయ్యాక అందరూ కలిసి చేసే భోజనాలకు తన కంచం, తన గ్లాసు ఇంటి నుంచి తెచ్చుకుని, అరుగు చివర ఒక్కతే కూర్చుని తిని, కడుక్కుని పట్టుకుపోయేది. అదేం పనమ్మా అని వారించినవాళ్లూ లేరు. అన్నిటికన్నా అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకునేది.

కూతురు లోవ పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నది. పిల్ల నవ్వడం నేర్చినా మంగాయమ్మ ఇంకా ఎత్తుకోలేదు. ఉయ్యాలకు పొడుగాటి తాడు కట్టి, గుమ్మం బయట కూర్చుని ఊపేది. పిల్ల గుక్కపట్టి ఏడిస్తే జోలపాట గొంతు పెంచేది తప్ప చెయ్యి వేసేది కాదు. "ఎత్తుకోవే అమ్మా, ఏం కాదంట" అనేది లోవ. "ఎవరన్నారే?" అంటే "ఎవరో అన్నార్లే" అనేది. ఇక నాలుగు రోజుల్లో పిల్లనెత్తుకుని అత్తవారింటికి వెళ్లిపోతుంది.

అప్పుడు మంగాయమ్మ నర్సరీ షెడ్డులో గురువుగారి ఎదుట కూర్చుంది.

"గురువుగారండీ, ఇది అంటురోగమంటారు కదండీ. ఫోన్లో తెల్లకోటాయన చెమట తగిలినా వచ్చేద్దన్నాడండి. ఇంకొకాయన తన పసరు తాగితే మొత్తం పోద్దన్నాడు. మా లోవేమో ఏం కాదంటది. ఎవరి మాట నమ్మమంటారండీ? మీరు ఊఁ అనండి చాలు, పిల్లనెత్తుకుంటాను."

గురువుగారు టెంక నుంచి మొలిచిన మొక్కనొకదాన్ని, మంచి జాతి పుల్లనొకదాన్ని తీసుకుని, రెండింటినీ పక్కపక్కన ఆనించి, రిబ్బను చుట్టి ఆమె ముందు పెట్టారు. అంత దిగులులోనూ మంగాయమ్మకు నవ్వొచ్చింది.

"చెక్కు తియ్యకుండా కట్టేశారేటండీ? రెండిటికీ గాటెట్టి, పచ్చీ పచ్చీ కలిపితేనే కదండీ అతుక్కునేది! ఊరికే ఆనిత్తే అంటుద్దేటండీ?"

"అంటదా? మరి దీన్నీ అంటు అనే అంటారు కదమ్మా."

ఆమె ఒక్క ఉదుటున లేచింది. "అయితే ఎత్తుకోవచ్చన్నమాట!"

"నేనెక్కడన్నాను? నాకు తెలిసింది మామిడి. నీ ఒంట్లో రోగం సంగతి మామిడికేం తెలుసు? తెలిసినోళ్లని అడుగుదాం, పద."

లోకంలో మంగాయమ్మ నమ్మే నోరు ఒక్కటే, ఆ నోరే తెలియదంటోంది. మొగుడు పోయిన రోజున కూడా అంత ఒంటరిగా అనిపించలేదు. బస్సులో ఆయనకు దూరంగా వెనక సీట్లో కూర్చుంది.

ఆసుపత్రిలో మాత్రలిచ్చే కిటికీ పక్కనే, రోగులకు సలహాలు చెప్పే కౌన్సిలర్ అమ్మాయి గది ఉంది. ఆ అమ్మాయి ఎదుటి కుర్చీని మంగాయమ్మ ప్రతి నెలా చూస్తూనే ఉంది కానీ ఎన్నడూ కూర్చోలేదు. ఈసారి కూర్చుంది. వెనక నిలబడ్డ గురువుగారే ముందు అడిగారు.

"అమ్మా, ఈవిడ తాగిన గ్లాసుతో నేను నీళ్లు తాగొచ్చా?"

మంగాయమ్మ గిరుక్కున తిరిగి చూసింది. అంటే ఇన్నాళ్లూ ఆ అనుమానం ఆయనకూ ఉందన్నమాట! అరుగు చివర తను ఒక్కతే తింటుంటే ఆయన కూడా ఊరుకున్నది అందుకేనన్నమాట! ఆయన మాత్రం ఏ దాపరికమూ లేకుండా, బళ్లో కొత్తగా వేసిన పిల్లాడిలా జవాబు కోసం నిలబడి ఉన్నారు.

"తాగొచ్చండి" అంది ఆ అమ్మాయి. "గ్లాసుతో రాదు, కంచంతో రాదు, చెమటతో, ముట్టుకోవడంతో రాదు. రక్తం ద్వారా వస్తుంది, వాడిన సూదితో వస్తుంది, కండోమ్ లేకుండా కలిస్తే వస్తుంది. తల్లికి ఉంటే కడుపులో బిడ్డకి రావచ్చు, కాన్పులో రావచ్చు, పాలతో రావచ్చు."

"మనవరాలండీ..." మంగాయమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ముద్దెట్టుకోవచ్చాండీ?"

"పెట్టుకోండమ్మా. మాత్రలు మాత్రం ఎవరు చెప్పినా ఆపకండి."

పసరు సంగతి అడిగితే ఆ అమ్మాయి కాగితం మీద రాసుకుంది. "దీన్ని మొత్తంగా పోగొట్టే పసరంటూ లేదమ్మా. అందులో ఏం కలుపుతారో మాత్రం నాకు తెలీదు. డాక్టరుగారిని అడిగి చెబుతాను. అందాకా తాగకండి."

ఫోన్లో తెల్లకోటాయన దేనికీ తెలియదనలేదు. ఈ అమ్మాయి "నాకు తెలీదు" అంది, మంగాయమ్మ మనసు ఆ ఒక్క మాట దగ్గర కుదుటపడింది. తర్వాత అన్నేళ్ల అనుమానాలూ ఒక్కొక్కటే బయటికి తీసింది. బయట వరసలో ఉన్నవాళ్లు విసుక్కున్నా లేవలేదు.

ఆ సాయంత్రం పిల్లను ఎత్తుకుంది. కొత్త చేతులని పిల్ల రాగం తీసింది. మంగాయమ్మ కూడా ఏడ్చింది.

మర్నాడు పిల్లను భుజాన వేసుకుని నర్సరీకి వచ్చింది. ఆమెకు కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు.

"ఈ మాట నిన్ననే మీరనేస్తే పోయేది కదండీ! నన్ను అంత దూరం తిప్పారు. మీ మాట మీద ఎత్తుకుందును."

గురువుగారు కడుతున్న అంటు పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు.

"నా మాట మీద ఎత్తుకునుంటే, ఇంకోడి మాట మీద దింపేసేదానివమ్మా."