మువ్వేళ్లమ్మ కొలిచిన వల

మువ్వేళ్లపాలెం రేవులో దిగాక దారి అడగక్కర్లేదు. ఎండు చేపల వాసన పట్టుకుని తిన్నగా నడిస్తే సముద్రానికి ముఖం పెట్టిన మువ్వేళ్లమ్మ గుడి కనబడుతుంది. లోపల విగ్రహానికి తల లేదు, కిరీటం లేదు. మూడు వేళ్లు నిలబెట్టిన నల్లరాతి చెయ్యి ఒక్కటే ఉంటుంది. ఆ వేళ్ల నునుపు చూసి వెన్నెల సిగ్గుపడి మబ్బు చాటుకు పోవడం ఈ ఊళ్లో అందరూ చూసినదే. పక్కనే ఒక కత్తిపీటకు కూడా పసుపు కుంకుమలు పెట్టి ఉంటాయి. చేపలు కోసే కత్తిపీటకు పూజేమిటని నవ్వకండి. నవ్వినవాళ్లకు ఆ పూట గొంతులో ముల్లు దిగక మానలేదు.

పూర్వం ఇక్కడ సముద్రంలో చేపలెన్ని ఉండేవంటే, చోటు చాలక అలలు ఒడ్డెక్కి కూర్చునేవి. కుండ ముంచితే సగం నీళ్లు, సగం కవళ్ల చేపలు. వంజరాలు వాకిట్లోకొచ్చి పులుసుకు ఎసరు మరిగిందో లేదో చూసిపోయేవి. ఆ రోజుల్లో వల అల్లడంలో మొనగాడు గరికిన పోలయ్య. అతని భార్య దేముడమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఏడూళ్లు తిరిగి చేపలమ్మేది. ఆమె మొదటి ఊళ్లో కేకేస్తే ఏడో ఊళ్లో పొయ్యిలు వెలిగేవి.

ఒకనాడు పొరుగు రేవువాడు పోలయ్యను చూసి, "నీ వల కన్నుల్లోంచి సగం సేపలు జారిపోతన్నాయిరా" అని ఎగతాళి చేశాడు. పోలయ్యకు రోషం ముంచుకొచ్చింది. మూడేళ్లు కదలకుండా కూర్చుని దోమ కూడా దూరని వల అల్లాడు. అందులోంచి నీళ్లు కూడా బతిమాలుకుని బయటపడేవట! మొదటిసారి లాగగానే ఒడ్డున చేపల కొండ లేచింది. ఊరు ఊరంతా అదే వల అల్లుకుంది. దేముడమ్మ మాత్రం తట్టలోకి చూసి గుండెలు బాదుకుంది.

"మావా, ఇయ్యి సేపలా, ఆవగింజలా? ఇంకా కళ్లు తెరవని పిల్లలయ్యా! రేపు పెద్దయ్యి ఎక్కడినించొస్తాయి?"

"సముద్రం ఎండిపోద్దేటే? నీ తట్ట నువ్వు సూసుకో."

మూడో ఏటికి సముద్రం ఉత్త ఉప్పునీళ్లయింది. ఊళ్లో పిల్లులు గోంగూరకు అలవాటు పడ్డాయి. పౌర్ణమికి ఊరు ఖాళీ చేసి పోదామని పెద్దలు తీర్మానించారు. పుట్టిన రేవు విడిచి పోవాలంటే దేముడమ్మకు ప్రాణం ఒప్పలేదు. ఆ మధ్యాహ్నం ఖాళీ తట్ట తలకింద పెట్టుకుని పడవ నీడన కునుకు తీస్తుంటే, కలలో తాటిచెట్టంత గంగమ్మ తల్లి ఒళ్లంతా పొలుసులు మెరుస్తూ నడిచి వచ్చింది.

"పెద్దవి మీకిచ్చాను, పిల్లల్ని నాకుంచుకున్నాను. మీరు ఉయ్యాలతో సహా ఊడ్చేశారు కదే!" అని మూడు వేళ్లు చూపించింది. "ఇవి దూరేంత కన్నుంటేనే వల నా నీళ్లలో దిగాలి."

సంగతి విని పోలయ్య విరగబడి నవ్వాడు. "వేళ్లే సూపిందా అమ్మోరు? పులుసు అడగలేదా?" అంటూ మర్నాడు పొద్దున్నే మళ్లీ వేటకు పోయాడు.

వల దేనికో పట్టుకుంది. తిమింగలమే పడిందని పోలయ్య ఎగిరి గంతేసి, తాడు చేతికి చుట్టుకుని లాగాడు. ఎంత లాగితే అంత బిగిసింది. పడవ ముక్కు నీళ్లలోకి దిగింది. చుట్టుకున్న తాడు చేతిని వదల్లేదు. ఒడ్డు నుంచి చూసిన దేముడమ్మ చేతికందిన కత్తిపీట లాక్కుని, పీట మీద బోర్లా పడుకుని అలలు చీల్చుకుంటూ ఈదింది. బాణమైనా ఆమె వెనకే పోయేది! మునిగి చూస్తే వలలో ఒక రాతి చెయ్యి. దాని వేళ్లు ఆ సన్నకన్నుల్లోంచి ఇవతలికి రావడం లేదు.

"వల కొయ్యకే! మూడేళ్ల కష్టమే!" అని అరిచాడు పోలయ్య.

"నీకు వల కావాలా, పేణం కావాలా?"

నీళ్లు గెడ్డం దాకా వచ్చాక అతను కళ్లు మూసుకుని, "కొయ్యి" అన్నాడు.

కత్తి పడగానే మూడు వేళ్లూ బయటికి వచ్చాయి, పడవ తేలింది. ఆ కంతలోంచే వలలో మిగిలిన గుప్పెడు చేపపిల్లలు తుర్రుమన్నాయి. ఈనాడు ఈ సముద్రంలో ఉన్న చేపలన్నీ ఆ గుప్పెడు సంతానమే. ఇక ఆ రాతిచెయ్యి, బెండులా తేలుతూ కత్తిపీట వెనకే ఒడ్డుకొచ్చి నిలబడింది.

ఒక్క ఏడాది ఓపిక పట్టమని దేముడమ్మ పెద్దల కాళ్లావేళ్లా పడింది. ఊరంతా గంజి తాగి ఆగింది. పోలయ్య ఆ ఏడాదంతా అమ్మవారి వేళ్ల మీద కొలుచుకుంటూ కన్నుకన్నూ పెద్దగా అల్లాడు. మరుసటి ఏడు ఆ కొత్త వల దింపితే ఎనిమిదిమంది మోయలేని చేపలు పడ్డాయి. పిల్లులు గోంగూర మానేశాయి.

నేటికీ వేట విరామం ముగిసే రోజున ప్రతి కొత్త వలనూ అమ్మవారి వేళ్లకు తొడుగుతారు. దూరితే పసుపునీళ్లు, దూరకపోతే కత్తిపీట. ఇక్కడ మొక్కుకున్న ఇళ్లలో పసిపిల్లలు చల్లగా ఎదుగుతారు.

నిరుడు ఒక పట్నం ఆసామి తళతళలాడే సన్నవల తెచ్చాడు. అది వేళ్లకు దూరలేదు. "అమ్మోరి వేళ్లు వాచాయేమో" అని గొణిగాడు. దేముడమ్మ మునిమనవరాలైన పూజారమ్మ, "వాపుకి మందు నా దగ్గరుంది బాబూ" అంటూ కత్తిపీట ముందుకు జరిపింది. ఈ ఏడు అతను తెచ్చిన వలలో మూడు కాదు, నాలుగు వేళ్లు దూరేంత కన్నుంది. పూజారమ్మ మాత్రం కత్తిపీటను ఇంకా అతని వైపే తిప్పి పెడుతోంది.