శాలువాల కింద కంతి

ఒక రాజుగారి ఎడమ భుజం మీద కంతి లేచింది. చెడ్డ కంతి. ఆయనకి ఇంకా బతకాలని ఉంది.

ఒక వైద్యురాలు వచ్చింది. బంగారాన్ని కంటికి ఆననంత సన్నగా నూరి, ఆయన రక్తంలోకి ఎక్కించింది. ఆ రజను పోయి కంతిలో చేరి, కదలకుండా పడుకుంది.

"ఇక దీని మీద వెలుతురు పడాలి. పడితే రజను వేడెక్కి కంతిని కాల్చేస్తుంది, మంచి కండ జోలికి పోదు. శాలువా తియ్యండి మహారాజా" అంది, దీపం పట్టుకుని.

సభ ఉలిక్కిపడింది. ఆ రాజ్యంలో రాజు భుజం చూసినవాడు లేడు. పట్టాభిషేకం నాటి నుంచి శాలువా మీద శాలువా కప్పడమే గానీ తీసిన పాపాన ఎవరూ పోలేదు. స్నానం చేసినా తడిదాని మీదే పొడిది కప్పేవారు. అదీ వాళ్ల మర్యాద.

"తీసేద్దామా మంత్రీ? చెయ్యి ఎత్తలేకపోతున్నానయ్యా" అన్నాడు రాజు.

"అలాగే ప్రభూ. ఇంత గొప్ప వైద్యం చేయించుకుంటున్న తమరిని ముందు సత్కరించుకోనివ్వండి" అని మంత్రి ఇంకో శాలువా కప్పాడు.

మర్నాడు వర్తకులు కప్పారు. ఆ మర్నాడు పండితులు వచ్చి, దీపానికి అడ్డంగా నిలబడి వెలుతురు మీద పద్యాలు చదివారు. పోతూ పోతూ దీపానికీ ఒకటి కప్పబోతే వైద్యురాలు చెయ్యి అడ్డం పెట్టింది. సిగ్గులేని జనం, ఆవిడనే కోపంగా చూశారు.

తొమ్మిదో రోజున రాజు గొంతు పీలగా వచ్చింది. "తల్లీ, నువ్వైనా లాగెయ్యమ్మా."

ఆవిడ చెయ్యి చాపింది. రాజుగారి పరువు తియ్యబోయిందని ఆవిడని కోట బయటికి గెంటేశారు.

పన్నెండో రోజున రాజు పోయాడు. శాలువా నియమం బతికున్న రాజులకే గనుక, శవాన్ని పెరట్లో ఎండలో పడుకోబెట్టి, ఆఖరి స్నానానికి నలభై ఒక్క శాలువాలూ ఉల్లిపొరల్లా ఒలిచారు.

నీళ్లు పోస్తున్న ముసలాయన, రాజు ఎడమ భుజం మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. "ఒళ్లంతా చల్లబడిపోయింది కదండీ. ఇక్కడొక్కచోటే కాలుతోందేమిటి?"

మంత్రి వంగి చూశాడు. ఎండకి కంతి కమిలి, ముడుచుకుపోతోంది.

"ఎవరైనా చూస్తారు" అని, తన భుజం మీది శాలువా తీసి దాని మీద కప్పాడు.