రెండువందల పన్నెండు శ్రీరామలు

అనంతశయనం మాస్టారికి ఒక నియమం ఉంది. నేర్చుకునేవాళ్ళ మౌస్ ఆయన ముట్టుకోరు. చేతులు వెనక్కి కట్టుకుని కుర్చీ వెనక నిలబడతారు, అంతే. మా చేనేత సహకార సంఘంలో కంప్యూటర్ పాఠాలు చెప్పిన ఆర్నెల్లూ ఆ నియమం తప్పలేదు.

ఆయన శిష్యురాళ్ళలో పున్నమ్మగారికి యాభై ఎనిమిదేళ్ళు. అత్తగారు అచ్చమ్మ గళ్ళ కాగితాల మీద గీసిపెట్టి పోయిన చీర అంచుల నమూనాలన్నీ ఆవిడే స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించింది. శుభమా అని మొదలెట్టే పనికి శ్రీరామ చుట్టకపోతే ఎలా? అందుకని ప్రతి ఫైలుకీ ఆ పేరే పెట్టింది. శ్రీరామ 1 నుంచి శ్రీరామ 212 దాకా, అన్నీ ఒకేచోట, తెర నిండా.

ఫోల్డర్లు చేసి, దేని పేరు దానికి పెట్టమన్నారు మాస్టారు. ఆవిడకు నచ్చలేదు.

"ఏది ఎక్కడుందో నాకు నోటికొచ్చు మాస్టారూ. మళ్ళీ ఈ ఫోల్డర్లూ పేర్లూ ఎవరికోసం?"

"అయితే నెమళ్ళ అంచు ఎక్కడుంది?" అన్నాను నేను. "నలభై ఏడు," అంది తడుముకోకుండా. తెరిస్తే నెమళ్ళే. అందరం చప్పట్లు కొట్టాం. మాస్టారూ కొట్టారు. ఎవరికోసమన్న ఆవిడ ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

నెల తిరక్కుండా ఆవిడ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. సరిగ్గా ఆ రోజే మా సంఘం నేతగాడు వీరభద్రం మగ్గం అంచు నమూనా లేక ఆగింది. అది ప్రదర్శనకు వెళ్ళాల్సిన చీర. దానికి అచ్చమ్మగారి గవ్వల అంచే వేయాలని సంఘమంతా పట్టుబట్టింది. ఆ పూట నమూనా దొరక్కపోతే గడువు దాటిపోతుంది. అసలు కాగితాలు ఆవిడ ఇంట్లో తాళంలో ఉన్నాయి, అందుకని ఆసుపత్రికి ఫోన్ చేశాం.

"నూట పద్నాలుగు నాయనా," అంది పున్నమ్మగారు. తెరిస్తే మల్లెమొగ్గలు. "అయితే నూట నలభై ఒకటి." చిలకలు. ఆ తర్వాత ఆవిడకు ఏ నంబరూ గుర్తుకు రాలేదు. బయటికి అన్నీ ఒకేలా ఉన్నాయి, ఒక్కోటీ తెరిచి చూడాల్సిందే. మా పాత కంప్యూటర్లో ఎనభై దాకా తెరిచేసరికే పొద్దు గూకింది, చేతులెత్తేశాం. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నారు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది. చీర వేరే అంచుతో వెళ్ళింది.

నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చిన పున్నమ్మగారు ఎవరినీ ఏమీ అనలేదు. "మా అత్త గవ్వలు గడప దాటకుండా చేసింది నేనే," అని కళ్ళద్దాల కిందినుంచి చెంప తుడుచుకుంది.

మాస్టారు మెల్లగా అడిగారు: "అమ్మా, ఉత్తరంలో శ్రీరామ ఎన్నిసార్లు రాస్తాం?"

"ఒక్కసారే. పైన," అంది ఆవిడ. అని, కాసేపు తెరవంక చూసి, మౌస్ అందుకుంది.

పదకొండు రోజులు పట్టింది. అన్నిటికీ పైన ఒకే ఒక్క ఫోల్డర్, దాని పేరు శ్రీరామ. దాని లోపల పూలు, పక్షులు, గవ్వలు, గుడి గోపురాలు, ఇలా దేని ఫోల్డర్ దానికి. వాటిలో ప్రతి ఫైలుకీ అంచు పేరు, ఆ పక్కనే అచ్చమ్మ పేరు.

మొన్న పక్క ఊరి నేతవాళ్ళింటి కొత్తకోడలు అంచు నమూనా కోసం వచ్చింది. ఇక్కడ ఎవర్నీ ఎరగదు. కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్ తెరిచి, రెండు నిమిషాల్లో గవ్వల అంచు ప్రింటు తీసుకుంది. పక్కనే ఊరికే కూర్చున్న పున్నమ్మగారితో, "ఈ అచ్చమ్మగారెవరో గానీ, ఎంత బాగా గీశారండీ!" అని చెప్పి వెళ్ళిపోయింది.

పున్నమ్మగారి మొహం మతాబులా వెలిగింది. గర్వంగా మాస్టారి వైపు తిరిగింది.

"చూశారా మాస్టారూ! నన్ను ఒక్కమాటైనా అడగలేదు."

"ఎందుకడుగుతుందమ్మా?" అన్నారు మాస్టారు. "ఆ పిల్ల మనవరాలు కూడా అడగదు."